సంబంధం ఉన్నందున

మంగళవారం తొమ్మిదింటికి
ముందు జెండాకి వందనం, ఆ వెంటనే కాఫీకి.
టర్లీ కౌంటీ బోర్డు కొలువుదీరింది:
ఐదు కుర్చీలు, బల్ల మీద బోర్లా ఐదు టోపీలు,
కిటికీ అవతల నెబ్రాస్కా అంతా మంచు.

నేను రాసేదాన్ని.
ఇరవై ఆరేళ్ళుగా వీళ్ళ మాటల్లోంచి
మాటలు ఏరిపారేసి
పనులు మిగిల్చేదాన్ని.
వెండల్ గ్రేడరు గురించి గంటసేపు గొణిగితే
నా పుస్తకంలో అది నాలుగు ముక్కలు:
బ్లేడ్లు రెండు కొనుటకు ఆమోదం.
అరిస్తే రాయను. నవ్వితే రాయను.
డొలొరెస్ కుబిచెక్ సంచిలోంచి
రేగుపళ్ళ జామ్ రొట్టెలు తీసి పంచితే
తింటాను, రాయను.

ఉత్తరపు రోడ్డుకి కంకర, పన్నెండు లారీలు.
జైలు వంటింట్లో కారుతున్న కుళాయి.
ముళ్ళకలుపు కొయ్యని రైతుకి రెండో నోటీసు.
ఫైరింజను వాళ్ళ విందులో బీరు అమ్మకానికి ఒక రాత్రి అనుమతి.
మోటెల్లో పోయిన మనిషి, ఎవరూ రాలేదు,
పాతిపెట్టిన ఖర్చు, సంతకం.

తర్వాత, ముప్పై ఒకటో నంబరు వంతెన.
దూలంలో స్క్రూడ్రైవర్ గుచ్చితే
వెన్నలోకి దిగినట్టు దిగిందన్నాడు ఇంజినీరు.
బాగుచెయ్యాలంటే మూడు లక్షల డాలర్లు,
మూసెయ్యాలంటే రెండు పలకలు, గుప్పెడు మేకులు.
అవతల ఉన్నది ఒకటే ఇల్లు.

ఆ ఇంటాయన వెనక వరసలో ఉన్నాడు,
హాల్వర్ నైక్విస్ట్, చెవుల టోపీ ఒళ్ళో పెట్టుకుని.
బల్ల దగ్గర మూడో కుర్చీలో
ఆర్విడ్ నైక్విస్ట్.

తండ్రి పోయినప్పుడు మొదలైంది.
ఎనభై ఎకరాలు, ఒక గాలిమర, దాని చుట్టూ ఎవరు వెయ్యాలో తేలని కంచె.
పంతొమ్మిదేళ్ళు.
చర్చికి చెరో తలుపు.
ధాన్యం కాటా దగ్గర ఒకడి లారీ కనిపిస్తే
రెండోవాడు బరువుతోనే వెనక్కి తిప్పుకుపోతాడు.
ఆర్విడ్ భార్యని పాతిపెట్టిన రోజు
హాల్వర్ రోడ్డు పక్కన బండి ఆపాడు,
దిగలేదు, ఇంజిను ఆపలేదు,
చివరి పార మట్టి దాకా మాత్రం ఉన్నాడు.
ఇవేవీ ఏ పుస్తకంలోనూ లేవు.
కౌంటీలో చంటిపిల్లలకీ కంఠతా వచ్చు.

మాట్లాడ్డానికి మూడు నిమిషాలు ఇస్తాం.
హాల్వర్ నలభై సెకన్లు వాడుకున్నాడు:
"ట్రాక్టరు చుట్టూ తిప్పుకుంటాను. పదకొండు మైళ్ళు.
అంబులెన్సుకీ అంతే.
అది చెప్పి పోదామని."

పేర్లు పిలవడం నా పని.
అవును. కాదు. కాదు. అవును.
"నైక్విస్ట్?"
పెన్సిలు ఒకసారి దొర్లి ఆగింది.
"నేను వెయ్యను."
"కారణం పుస్తకంలోకి ఎక్కాలి" అన్నాడు ఛైర్మన్,
కళ్ళజోడు తుడుచుకుంటూ, ఎవర్నీ చూడకుండా.
"సంబంధం ఉంది."
నియమం ప్రకారం నేనింకో ప్రశ్న అడగాలి.
ఇంతకాలంలో ఏ నియమాన్నీ ఇంతగా తిట్టుకోలేదు.
"ఏం సంబంధం?"
హీటరు గొట్టాలు రెండుసార్లు కొట్టుకున్నాయి.

"తమ్ముడు."

వెనక కుర్చీ కిర్రుమంది. అంతే.
రెండూ రెండు. తీర్మానం వీగిపోయింది.
వంతెనకి ఐదు టన్నులు మించరాదని బోర్డు.
పై అంశం: కలుపుమందు, ఆరు పీపాలు.

పదిహేను రోజులకి పాత మినిట్స్ ఆమోదానికొచ్చాయి.
"సవరణలు?" అడిగాడు ఛైర్మన్,
ఎప్పుడూ ఎవరూ చెప్పరు గనక అప్పటికే పేజీ తిప్పేస్తూ.
ఆర్విడ్ వేలు ఒక వాక్యం మీదే ఆగి ఉంది:
శ్రీ నైక్విస్ట్, సంబంధం ఉన్నందున, ఓటు వేయలేదు.
ఆ కింద, సోదరుడి పేరు.
గొంతు సవరించుకున్నాడు.
"వెర్నా, హాల్వర్‌కి రెండు ఎల్‌లు పెట్టావు.
మా అమ్మ ఒకటే పెట్టింది."

ఒక ఎల్ కొట్టేశాను.
సవరణతో ఆమోదం.
ఐదుగురూ, అవును.